సీతమ్మ గారి జీవితం ఇంకా రాయవలసి ఉంది

(డొక్కా సీతమ్మ గారి స్మృతిలో పి.గన్నవరంలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ సభ డొక్కా సీతమ్మ గారిది. ఆమె గొప్పతనం గురించి ఈ గడ్డ మీద ఒకరు ఇంకొకరికి చెప్పవలసిన పని లేదు. అందుకని ఈవాళ స్తుతి కాకుండా వేరే పని పెట్టుకున్నాను. గోదావరి డెల్టా మనుషుల మీద, మన కళల మీద, తెలుగు కుటుంబాల చరిత్ర మీద ఈ పదిహేనేళ్ళలో మంచి పుస్తకాలు కొన్ని వచ్చాయి. వాటి పక్కన సీతమ్మ గారి కథను నిలబెట్టి చూద్దామని వచ్చాను. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సీతమ్మ గారికి విగ్రహాలున్నాయి. అక్విడెక్టుకు ఆమె పేరుంది. 2024లో మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టారు. ఇవన్నీ న్యాయమైన గౌరవాలే. వీటికి తోడుగా, ఆమె చేసిన పనిని పనిగా చూసి, కాగితాలు వెతికి, జ్ఞాపకాలు పోగుచేసి రాసిన ఒక పెద్ద జీవిత చరిత్ర కావాలి. అది ఎలా రాయాలో ఈ కొత్త పుస్తకాలు మనకు నేర్పుతున్నాయి.

తెలిసిన సంగతులతో మొదలుపెడతాను. సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్ళకు అన్నం పెట్టే అలవాటు వల్ల ఆయన్ను జనం బువ్వన్న అని పిలిచేవారు. తల్లి చిన్ననాడే పోయింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారిని పెళ్ళి చేసుకుని ఆమె ఈ లంకకు కాపురానికి వచ్చారు. వేళ కాని వేళల్లో తలుపు తట్టినవాళ్ళకు వండిపెట్టారు. అందుకోసం భూములు కరిగిపోయినా చెయ్యి వెనక్కి తీయలేదు. 1909లో కన్నుమూశారు. మిర్తిపాటి సీతారామాంజనేయులు గారు ఆమె కథను పుస్తకంగా రాసి మనకు మహోపకారం చేశారు. మన తరాల్లో చాలామంది పాఠాల్లోనో, పెద్దల నోటనో ఆమెను ఎరుగుదుం.

ఇప్పుడు ఈ కథను మన నీళ్ళతో కలిపి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అప్పటికి సీతమ్మ గారు పదకొండేళ్ళ పిల్ల. వాసిష్ఠ నుంచి వైనతేయ చీలే చోటు మన గన్నవరం. ఆ పాయకు అవతల ఉన్న నగరం దీవికి, అంటే మామిడికుదురు, రాజోలు వైపు నేలకు, కాలువ నీళ్ళు చేరాలంటే నది మీదుగా కాలువనే నడిపించాలి. ఆ పని మీద 1850ల తొలినాళ్ళలో లెఫ్టినెంటు హేగ్ ఇక్కడ 49 కమానుల అక్విడెక్టు కట్టించాడు. కింద ఏరు, పైన కాలువ. దాదాపు నూటయాభై ఏళ్ళు అది పనిచేసింది. దాని స్థానంలో 2000లో కొత్తది వచ్చింది. దానికి సీతమ్మ గారి పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టినవాళ్ళు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గాని, రెండు చరిత్రలను ఒకచోట కలిపారు. సీతమ్మ గారి పొయ్యి మీదికి బియ్యం ఎక్కడి నుంచి వచ్చింది? కాలువ పారిన చేల నుంచి. 1876-78లో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చి లక్షల మంది చనిపోయినప్పుడు, గోదావరి డెల్టాలో కాలువ నీళ్ళు పంటను నిలబెట్టాయి. అప్పుడు సీతమ్మ గారికి ముప్పై అయిదు దాటింది. పంట ఉన్న నేల మీద నిలబడి ఆకలితో వచ్చినవాళ్ళకు తలుపు తెరిచిన ఇల్లు అది. పంట ఉన్న ప్రతి ఇల్లూ తలుపు తెరవలేదు గదా. అందుకే ఆమె గొప్పదనం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆనకట్ట కథ, అన్నదానం కథ విడివిడిగా చెప్పుకున్నంతకాలం ఈ సంగతి మన కంటబడదు.

ఆ ఆనకట్ట వైపు పుస్తకాలు ఎలా ఉన్నాయో చూడండి. జిల్లా చరిత్రను హెన్రీ మారిస్ 1878లో రాశాడు. డెల్టా పనుల మీద జార్జి వాల్చ్ పుస్తకం 1896లో వచ్చింది. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర 1899లో పోతే, మరుసటి ఏడే ఆయన కూతురు ఎలిజబెత్ హోప్ తండ్రి జీవిత చరిత్ర అచ్చు వేయించింది. 1907లో హెమింగ్వే జిల్లా గెజెటీరు వచ్చింది. దొరల పనికి ఉత్తరాలున్నాయి, లెక్కలున్నాయి, పటాలున్నాయి. కాబట్టి వెంటనే పుస్తకాలయ్యాయి. ఆ కమానులకు సున్నం నూరినవాళ్ళ, ఇటుక మోసినవాళ్ళ పేర్లతో పుస్తకం రాలేదు. గెజెటీరు వచ్చేనాటికి సీతమ్మ గారు బతికే ఉన్నారు. వంటింటి పనికి కచేరీలో దస్త్రం ఉండదు. ఏ బతుకు పుస్తకమవుతుంది, ఏది కాదు అన్నది గొప్పతనాన్ని బట్టి తేలే విషయం కాదు. ఎవరి పని కాగితం మీదికి ఎక్కిందన్న దాన్ని బట్టి తేలుతుంది.

తెలుగులో జీవిత చరిత్రలకు కొదవ లేదు. గోదావరి ఒడ్డే వాటికి పుట్టిల్లు లాంటిది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు సీతమ్మ గారికంటే ఏడేళ్ళు చిన్నవారు. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో ఇద్దరూ బతికారు. ఆయన తన బతుకును రెండు భాగాల స్వీయచరిత్రగా రాసుకున్నారు. ఎవరు ఏం తిట్టారో, ఏ వితంతు వివాహానికి ఎవరు అడ్డుపడ్డారో మనకు ఈనాటికీ తెలుసు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టి, తొలి పుస్తకంగా ఎంచుకున్నది ఒక జీవిత చరిత్రనే. అది గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. జాతిని మేలుకొలపడానికి మంచి మనిషి బతుకును మించిన పాఠం లేదని వాళ్ళు నమ్మారు.

వీళ్ళందరికంటే ఈ సభకు దగ్గరైన పేరు ఇంకొకటుంది. లక్ష్మణరావు గారి అక్కగారు భండారు అచ్చమాంబ. 1901లో ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల ప్రచురించారు. బడికి వెళ్ళి చదువుకునే వీలు లేని ఇల్లాలు, తమ్ముడి చదువు పక్కన కూర్చుని అక్షరాలు నేర్చి, దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలను పోగుచేసి రాశారు. ఆడవాళ్ళకు తెలివి తక్కువన్న మాటకు వాదనతో కాకుండా బతుకులతో జవాబు చెప్పారు. ఆ పుస్తకం అచ్చయిననాటికి సీతమ్మ గారికి అరవై ఏళ్ళు. ముప్పై ఏళ్ళు నిండగానే, 1905లో అచ్చమాంబ గారు కన్నుమూయకపోతే ఆ మాల ఇంకా ఎంత పొడుగు సాగేదో. ఆమె మొదలుపెట్టిన పని మనకు వారసత్వంగా వచ్చింది.

ఇక కొత్త పుస్తకాల సంగతి. మన పొరుగు నుంచే మొదలుపెడతాను. 2015లో డేవిడ్ నైప్ అనే అమెరికన్ పండితుడు వేదిక్ వాయిసెస్ అనే పుస్తకం ప్రచురించాడు. దాంట్లో ఉన్నది మన కోనసీమే. వ్యాఘ్రేశ్వరం లాంటి అగ్రహారాల్లో శ్రౌతాగ్నులను నిలుపుకుంటూ వచ్చిన వేద పండితుల కుటుంబాలు. ఆయన దశాబ్దాల పాటు వస్తూ పోతూ, వాళ్ళ అరుగుల మీద కూర్చుని, తరాల కథలు విన్నాడు. వేదం గురించి వచ్చిన పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. వేదాన్ని కంఠంలో మోసినవాళ్ళ ఇల్లు ఎలా గడిచింది, చదువు మానేసి ఉద్యోగానికి వెళ్ళిన కొడుకు గురించి తండ్రి ఏమనుకున్నాడు, భార్య లేనిదే నిలవని ఆ అగ్నిహోత్రంలో ఆ ఇల్లాలి పాలు ఎంత అన్నది ఈ పుస్తకం చూపించింది. మంత్రాన్ని మనిషితో కలిపి చూడడమే దాని బలం.

దానికి మూడేళ్ళ ముందు, 2012లో, దవేశ్ సోనేజీ రాసిన అన్‌ఫినిష్డ్ జెస్చర్స్ వచ్చింది. గోదావరి జిల్లాల పల్లెల్లోని కళావంతుల స్త్రీల జ్ఞాపకాలు దాంట్లో ముఖ్యమైన భాగం. 1947లో మద్రాసు రాజధానిలో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థలోని దోపిడీ పోవలసిందే. దానితోపాటు ఆ స్త్రీల పాట, అభినయం, వాళ్ళ పరువు కూడా బజారున పడ్డాయి. నృత్యం ఇతరుల వేదికల మీదికి వెళ్ళింది, నేర్పినవాళ్ళు ఇళ్ళల్లో ఉండిపోయారు. తలుపులు వేసుకుని, తమలో తాము జావళీలు పాడుకుంటూ నిలుపుకున్న వృద్ధ స్త్రీల దగ్గరకు వెళ్ళి, గౌరవంగా అడిగి, విని రాసిన పుస్తకం ఇది. మన కళల చరిత్రలో వాళ్ళ పేర్లు చేరకపోతే ఆ చరిత్ర అబద్ధమవుతుందని చదివినవాళ్ళకు అర్థమవుతుంది.

కుటుంబాల కథలు చెప్పిన పుస్తకాలూ వచ్చాయి. వై.బి. సత్యనారాయణ గారు 2011లో ఇంగ్లీషులో రాసిన తమ తండ్రి కథ, తెలుగులో మా నాయన బాలయ్యగా వచ్చింది. తెలంగాణలో ఒక దళిత కుటుంబం రైల్వే పనిలో చేరి, తరం తర్వాత తరం చదువును ఎలా చేజిక్కించుకుందో దాంట్లో ఉంది. 2017లో గిడ్ల సుజాత గారు యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్ రాశారు. న్యూయార్క్‌లో సబ్‌వే రైలు కండక్టరుగా పనిచేస్తూ, తన మేనమామ, శివసాగర్‌గా మనకు తెలిసిన కె.జి. సత్యమూర్తి గారి జీవితాన్ని, తన తల్లి జీవితాన్ని ఆమె రాసిన తీరు ప్రపంచమంతా చదివింది. ఉద్యమ నాయకుడి కథ చెబుతూనే, ఆయన చెల్లెలు పిల్లల్ని పెంచడానికి పడిన పాట్లను అంతే శ్రద్ధతో చెప్పారామె. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ గారి నిర్జన వారధి వచ్చింది. తొంభై దాటిన వయసులో, ఉద్యమాన్నీ దుఃఖాన్నీ రెంటినీ దాచకుండా చెప్పిన ఆత్మకథ అది.

వీటన్నిటికీ దారి వేసిన పుస్తకం ఒకటుంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు వెళ్ళి, వాళ్ళ మాటను వాళ్ళ మాటగానే రికార్డు చేసి అచ్చు వేశారు. దళాలకు అన్నం వండిన చేతులు, తుపాకులు దాచిన చేతులు, బిడ్డను ఎవరికో అప్పగించి అడవికి వెళ్ళిన తల్లులు ఆ పుస్తకంలో మాట్లాడారు. దస్త్రాల్లో కనిపించని మనిషిని చరిత్రలోకి తేవడానికి మనిషి నోటి మాట చాలునని ఆ పుస్తకం నిరూపించింది.

ఈ పుస్తకాల నుంచి నేను నేర్చుకున్నది మూడు ముక్కల్లో చెబుతాను. మనిషిని గౌరవించడమంటే ఆమె పనిని దగ్గరగా చూడడం. వినికిడి కథనూ కాగితం మీది ఆధారాన్నీ దేని చోట దాన్ని ఉంచడం. పెద్ద మనిషి చుట్టూ ఉన్న చిన్న మనుషులను కథలోంచి తోసేయకపోవడం. ఈ మూడూ సీతమ్మ గారి విషయంలో పెట్టి చూద్దాం.

మొదటిది పని. వందమంది అకస్మాత్తుగా వస్తే అన్నం ఎలా అవుతుంది? గాదెలోంచి ధాన్యం తీయాలి, దంచాలి, చెరగాలి. కట్టెలు, చెరువు నీళ్ళు, గుండిగలు, విస్తళ్ళకు ఆకులు కావాలి. వానాకాలం లంకలో ఎండు కట్టె దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్న అమ్మలకు తెలుసు. వరదొస్తే ఏటిగట్టు మీద వంట. ఇదంతా ఏళ్ళ తరబడి నడిపిన మనిషికి దయ ఒక్కటే ఉంటే చాలదు. లెక్క తెలియాలి, ముందుచూపు ఉండాలి, మనుషులతో పని చేయించుకునే నేర్పు ఉండాలి. ఆమెను అన్నపూర్ణ అవతారమని అనేస్తే ఆ నేర్పంతా మాయమవుతుంది. దేవతకు కట్టెలు తడవవు, దేవతకు ఒళ్ళు నొప్పి పుట్టదు. సీతమ్మ గారికి పుట్టింది, అయినా లేచి వండారు. నా భక్తి ఆ లేవడం మీద.

రెండోది ఆధారం. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో ఆమెకు ఆహ్వానం వచ్చిందని, ఆమె రాలేనంటే ఫొటో తెప్పించుకుని ఆసనం మీద పెట్టి గౌరవించారని మనం చెప్పుకుంటాం. చక్రవర్తి పట్టాభిషేకం లండన్‌లో జరిగింది 1902 ఆగస్టులో, ఢిల్లీ దర్బారు జరిగింది 1903 జనవరిలో. మన నోట ఈ రెండూ కలిసిపోతుంటాయి. జీవిత చరిత్ర రాసేవాళ్ళు ఇక్కడ ఆగాలి. ఆనాటి కలెక్టరు కచేరీ ఉత్తరాలు, మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల ఉన్న పాత పత్రికలు తిరగేయాలి. అలాగే అంతర్వేది ప్రయాణం కథ. నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన ఆమె, సీతమ్మ గారి ఇంటికి వెళ్తే అన్నం దొరుకుతుందని దారిలో ఆకలిగొన్నవాళ్ళు అనుకోవడం విని, వెనక్కి తిరిగి వచ్చారని చెబుతారు. దానికి కచేరీ కాగితం దొరకదు, అక్కర్లేదు. జనం ఆమెను ఎలా గుర్తుపెట్టుకోదలచారో ఆ కథే సాక్ష్యం. దాన్ని జనం చెప్పుకునే కథగా రాయాలి, జరిగిన సంగతిని జరిగిన సంగతిగా రాయాలి. రాజుగారి గౌరవం ఉన్నా లేకపోయినా ఆమె వండిన అన్నం వండినట్టే ఉంటుంది. నిజం వెతికితే ఆమె తగ్గిపోతుందని భయపడడం ఆమెను తక్కువగా చూడడమే.

మూడోది చుట్టూ ఉన్నవాళ్ళు. ఆ చేలు దున్నిన పాలికాపులు ఎవరు? వడ్లు దంచినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, రాత్రివేళ పడవ నడిపి బాటసారులను రేవు దాటించినవాళ్ళు ఎవరు? ఆ పంక్తిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరికి ఎక్కడ వడ్డించారు? పందొమ్మిదో శతాబ్దపు కోనసీమలో ఇది అడగవలసిన ప్రశ్న. కులం చూడకుండా పెట్టారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది ఎంత కష్టమైన పనో, దానికి ఆమె ఎవరెవరి మాట పడి ఉంటారో తెలియాలంటే ఆనాటి కట్టుబాట్లను ఉన్నవి ఉన్నట్టు రాయాలి. వైనతేయ దాటితే మామిడికుదురు. అక్కడ 1911లో బోయి భీమన్న గారు పుట్టారు, సీతమ్మ గారు పోయిన రెండేళ్ళకు. ఆయన పాలేరు నాటకం, పాలేరు నుంచి పద్మశ్రీ వరకు అనే ఆత్మకథ ఈ నేల మీదే ఇంకో బతుకు ఎలా ఉండేదో చెబుతాయి. సీతమ్మ గారి చరిత్ర రాసేవాళ్ళ బల్ల మీద భీమన్న గారి పుస్తకం ఉండాలి. రెండూ కలిపి చదివితేనే ఇది మన ఊరి చరిత్ర.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. నేను పేర్కొన్న పుస్తకాల్లో మన కోనసీమ అగ్రహారాల మీద, మన కళావంతుల మీద వచ్చినవి ఇంగ్లీషులో వచ్చాయి. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఓపికగా విన్నారు, రాశారు. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. ఆ పుస్తకాలకు మాటలిచ్చిన అమ్మమ్మల మనవరాళ్ళు వాటిని తెలుగులో చదవగలగాలి. అనువాదాలు రావాలి. అంతకు మించి, ఈసారి వినేవాళ్ళు, రాసేవాళ్ళు మన ఊళ్ళలోంచే రావాలి.

వినవలసిన బతుకులు ఎన్ని ఉన్నాయో చూడండి. 1986 ఆగస్టు వరదలో లంకలు మునగడం చూసినవాళ్ళు ఉన్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలు పైగా మండినప్పుడు ఇళ్ళు వదిలి పరుగెత్తినవాళ్ళు ఉన్నారు. 1996 నవంబరు తుపానులో కొబ్బరి తోటలు నేలకొరిగాక మళ్ళీ మొక్క నాటినవాళ్ళు ఉన్నారు. కోనసీమ నుంచి కువైట్‌కు, మస్కట్‌కు వెళ్ళి, ముక్కూమొహం తెలియనివాళ్ళ వంటిళ్ళలో వండి, ఇక్కడ పిల్లల్ని చదివించిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి పంపుకున్న క్యాసెట్లు ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉండవచ్చు. అన్నం వండి ఇతరుల బతుకు నిలబెట్టిన స్త్రీని గౌరవించే మండలం మనది. ఆ గౌరవంలో వీళ్ళకూ వాటా ఉంది.

2022లో మనది కోనసీమ జిల్లాగా ఏర్పడి, అదే ఏడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అయింది. కొత్త జిల్లాకు కొత్త చరిత్ర పుస్తకం కావాలి. దానికోసం ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడకుండా మనం చేయగలిగిన పనులు చెప్పి ముగిస్తాను. సీతమ్మ గారి కాలానికి చెందిన దస్తావేజు, భూమి అమ్మిన కాగితం, ఉత్తరం, ఫొటో ఎవరి ఇంట్లో ఉన్నా అసలు మీ దగ్గరే ఉంచుకుని నకలు గ్రంథాలయానికి ఇవ్వండి. తేమకూ చెదలకూ మన ఇళ్ళలో ఎన్ని కాగితాలు పోయాయో మీకు తెలుసు. హైస్కూలు పిల్లలకు ఒక పని అప్పగిద్దాం. ప్రతి ఒక్కరూ ఇంట్లోని పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆమె పుట్టిన ఊరు, చేసిన పని, చూసిన వరద, వండిన వంట అడిగి, ఆవిడ మాటల్లోనే రాసుకురావాలి. ఫోనులో రికార్డు కూడా చేయాలి. తెలుగు మేష్టర్లు వాటిని సరిచూసి ఏటా ఒక చిన్న సంపుటిగా వేయించాలి. పరిశోధన చేసే యువతీయువకుల్లో ఒకరైనా సీతమ్మ గారి జీవితాన్ని తమ అంశంగా తీసుకుని, దస్త్రాలూ నోటి మాటలూ రెండూ చూసి రాయాలి. వాళ్ళకు భోజనం, బస, తిరుగుడు ఖర్చు ఈ ఊరు పెట్టుకోవాలి. వచ్చినవాళ్ళకు అన్నం పెట్టే ఊరికి అదేమీ కొత్త కాదు.

మన తెలుగులో, మన ఊళ్ళో పుట్టినవాళ్ళ చేతి మీదుగా ఆ పుస్తకం రావాలని కోరుకుంటున్నాను. అది అచ్చయిన రోజున దాన్ని మొదట చదవవలసింది బడిలో సీతమ్మ గారి పేరిట అన్నం తింటున్న పిల్లలు. తాము తినే అన్నం వెనక ఎంత పని ఉందో, ఎంతమంది చేతులున్నాయో వాళ్ళకు తెలియాలి.